చప్పట్లు కొట్టని చోటు

పొద్దున్నే ఫోన్ మోగితే శేషారత్నం టీచరుకి ఒళ్లు మండుతుంది. ఈ మధ్య రోజూ మోగుతోంది, రోజూ మండుతోంది. అటువైపు ఎవరో, ఏం చెప్పబోతున్నారో కూడా ఆవిడకి ముందే తెలుసు.

“మేడంగారూ, మీ పిల్ల మళ్లీ బస్టాపులో నిలబడిందండి. కేరేజీ కూడా సర్దేసుకుంది. నా వల్ల కాదండి బాబూ, మీరే వచ్చి సెప్పండి,” అంది నూకరత్నం.

ప్రసూన నూకరత్నం కన్న కూతురే. కానీ మొండికేసిన రోజున “మీ పిల్ల” అయిపోతుంది, బుద్ధిగా ఉన్న రోజున మాత్రం “మా అమ్మాయి”. ఈ గొడవ మొదలై నెల కాకముందే శేషారత్నానికి ఈ వరస అలవాటైపోయింది. తాగుతున్న కాఫీ అక్కడే వదిలేసి, గొణుక్కుంటూ స్కూటీ తీసింది.

కాకినాడలో ఆసరా అని ఒక ప్రత్యేక పాఠశాల ఉంది. మాట ఆలస్యమైన పిల్లలు, బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలు అక్కడ చదువుకుంటారు. వాళ్లలో పెద్దవాళ్లకి పని నేర్పించడం, ఆ పని ఎక్కడైనా చేసే చోటు వెతికిపెట్టడం శేషారత్నం ఉద్యోగం. మొదటి సగం తేలిక. రెండో సగం కోసం ఆవిడ ఊళ్లో ఎక్కని మెట్టు లేదు. బేకరీవాళ్లు కూర్చోబెట్టి పఫ్ పెట్టి మరీ కాదనేవారు. ప్రింటింగ్ ప్రెస్సాయన “వచ్చే సంవత్సరం చూద్దామండి” అని ఏటా అదే మాట అనేవాడు. దాంతో పిల్లలు బళ్లోనే ఉండిపోయి కొవ్వొత్తులు చేసేవారు. అవి అయ్యాక కాగితం సంచులు, అవీ అయ్యాక ఫినాయిలు. పంతొమ్మిదేళ్ల ప్రసూన ఆ మూడూ రెండేసి సార్లు నేర్చుకుంది.

జగన్నాథపురం వంతెన దాటగానే స్టాపులో ప్రసూన కనిపించింది. జడ బిగించి అల్లుకుంది. చున్నీకి రెండు వైపులా పిన్నులు పెట్టుకుంది. బస్సు వచ్చి ఆగింది, నలుగురు ఎక్కారు, బస్సు వెళ్లిపోయింది. ప్రసూన ఎక్కలేదు. ఏ రోజూ ఏ బస్సూ ఎక్కదు. అదొక చోద్యం.

“ఎక్కడికే తయారయ్యావు?”

“డ్యూటీకి మేడమ్.”

“ఏ డ్యూటీ?”

“లాండ్రీ.”

“ఆ లాండ్రీ లేదని నిన్న చెప్పానా, లేదా?”

“చెప్పారు మేడమ్.”

“మొన్న?”

“మొన్న కూడా చెప్పారు.” ప్రసూన చాలా మర్యాదగా ఒప్పుకుంది. ఒప్పుకుని, మళ్లీ బస్సు వచ్చే వైపు చూస్తూ నిలబడింది.

శేషారత్నానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రెండూ కుదరక అరిచింది. స్టాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. పిల్లని స్కూటీ మీద ఎక్కించుకుని బడికి తీసుకుపోయేసరికి తల పగిలిపోతోంది.

దీనికంతటికీ కారణం టోపీ. దానికి ప్రభుత్వం పెట్టిన పేరు అనుభవ యంత్రం. పిల్లలకి నోరు తిరగక టోపీ అనేవారు, పెద్దవాళ్లకీ అదే నచ్చింది. యూనివర్సిటీ ప్రయోగశాలలో ఫణీంద్ర అనే కుర్ర శాస్త్రవేత్త దాన్ని తయారుచేశాడు. కుర్చీలో కూర్చోబెట్టి, తలకి టోపీ తొడిగితే చాలు. బయట మనకి ముప్పావుగంట, లోపల వాళ్లకి ఏడాది. ఆ ఏడాదిలో మనిషి పొద్దున్నే లేచి పనికి వెళ్తాడు, తప్పులు చేస్తాడు, దిద్దుకుంటాడు, అలిసిపోతాడు, పండక్కి సెలవు తీసుకుంటాడు. బయటికి వచ్చాక చేతులకి పని వచ్చేసి ఉంటుంది. పని అనుభవం కోసం ఇక ఏ బేకరీవాడి కాళ్లూ పట్టుకోనక్కర్లేదని అధికారులు సంబరపడిపోయారు. నిజం చెప్పాలంటే శేషారత్నం కూడా సంబరపడింది. ఆవిడ మోకాళ్లు అరిగిపోయి చాలాకాలమైంది.

మిగతా పిల్లలకి ముందు వారం రోజుల అనుభవం ఇచ్చారు. వాళ్లు వచ్చి, రెండు రోజులు కబుర్లు చెప్పుకుని మర్చిపోయారు. పూర్తి ఏడాది మొదట ఇచ్చింది ప్రసూనకే. పెద్ద లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టే పని. ఇద్దరు మనుషులు చెరో రెండు కొసలూ పట్టుకుని, లాగి, దులిపి, ఎదురెదురుగా నడిచి కలపాలి. ప్రసూనకి ఎదురుగా రెండో కొస పట్టుకోవడానికి సరళక్క అనే మనిషిని ఫణీంద్ర కల్పించాడు.

టోపీ తీసిన రోజు శేషారత్నం అక్కడే ఉంది. ప్రసూన కళ్లు తెరిచి చుట్టూ చూసింది. రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్లు మడిచి, లేని దుప్పటిని పట్టుకుని అలాగే ఉండిపోయింది. “సరళక్కేది?” అంది. ఫణీంద్ర ఉత్సాహంగా ఏదో రాసుకున్నాడు.

వచ్చిన పిల్ల మాత్రం వెళ్లిన పిల్ల కాదు. మిక్సీ తిరిగితే చెవులు మూసుకుని మంచం కిందికి దూరేది, ఇప్పుడు పక్కన నిలబడి చట్నీ వేస్తోంది. రోడ్డు ఒక్కతీ దాటుతోంది. ఇంట్లో దుప్పట్లన్నీ అంచుకి అంచు కలిపి, షాపులో కొత్తవాటిలా మడత పెడుతోంది. అంతా బాగానే ఉంది కానీ పొద్దున్న బస్టాపులో నిలబడుతోంది, సాయంత్రం గోడవైపు తిరిగి ఏడుస్తోంది.

పోనీ నిజం పని చూపిద్దామని శేషారత్నం మళ్లీ మెట్లెక్కింది. ఊళ్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి లాండ్రీ సూపర్వైజరు బాపిరాజు, ఎన్నోసార్లు తిప్పుకుని తిప్పుకుని, మూడు నెలలు ట్రైనింగ్‌కి పెట్టుకుంటానన్నాడు. శేషారత్నం ఎగిరి గంతేసినంత పనిచేసింది. ప్రసూన మాత్రం తల అడ్డంగా ఊపింది.

“నాకు ఉద్యోగం ఉంది మేడమ్.”

అంతే. ఎవరెన్ని చెప్పినా అదే మాట. బతిమాలినా అదే, బెదిరించినా అదే.

ఆ రోజు సాయంత్రం నూకరత్నం బడికే వచ్చేసింది. జాకెట్లు కుట్టి కుట్టి ఆవిడ కళ్లు ఎర్రబడి ఉన్నాయి, లేకపోతే ఏడ్చి ఏడ్చి. “మేడంగారూ, ఆ టోపీ అబ్బాయికి నేను ఫోన్ సేశానండి. ఎక్కించింది తీసేయొచ్చంట కదా?”

“తీసేస్తే అంతా పోతుందమ్మా. మడత పెట్టడం పోతుంది. రోడ్డు దాటడం పోతుంది. మళ్లీ మిక్సీకి మంచం కిందికే.”

“పోతే పోనీండి. మంచం కిందున్నా నా పిల్ల నాకు కనపడేదండి. ఇప్పుడది రోజూ ఎవత్తికోసమో ఏడుత్తంది. లేని మనిసికోసం ఏడిత్తే నేనేం సెయ్యనండీ? సచ్చిపోయిందంటే నమ్మిత్తాను. ఊరెల్లిందంటే తీసుకొత్తాను. అసలు పుట్టనే లేదంటే నేనేం సెప్పుకోవాలి?” నూకరత్నం ముక్కు చీది, గొంతు తగ్గించింది. “సోమారం వరకు సూత్తానండి. ఆసుపత్రి పన్లోకి ఎల్లిందా, సరే. ఎల్లలేదా, సోమారం తీయించేత్తాను.”

ఆ తల్లి వెళ్లిపోయింది. శేషారత్నానికి టోపీ అబ్బాయి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ కోపమంతా పోగుచేసుకుని మర్నాడు ప్రయోగశాలకి వెళ్లింది.

ఫణీంద్ర ఎదురొచ్చి కుర్చీ వేశాడు. “చాలా మంచి ఫలితం మేడమ్! ఏడాది అనుభవం ఇంత గట్టిగా నిలబడుతుందని మేమే అనుకోలేదు.”

“గట్టిగా నిలబడింది నాయనా, బస్టాపులో. వచ్చి చూడు.” శేషారత్నం కూర్చోలేదు. “నాకొకటి చెప్పు. లోపల ఆ పిల్ల ఆఖరి రోజు ఎలా గడిచింది?”

“ఆఖరి రోజంటే...?”

“ఉద్యోగం మానేసేటప్పుడు ఆఖరి రోజని ఉంటుంది కదయ్యా! వెళ్లొస్తానని చెప్పుకోవడం, కళ్లనీళ్లు పెట్టుకోవడం, మళ్లీ కలుద్దాం అనుకోవడం.”

ఫణీంద్ర బుర్ర గోక్కున్నాడు. “అలాంటిదేం పెట్టలేదు మేడమ్. పన్నెండు నెలలు అయిపోగానే ఆపేశాం.”

“ఎక్కడ ఆపావు?”

అతను తెర మీద వెతికి, కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. దుప్పటి సగం మడతలో ఆపాడు.

శేషారత్నం తల పట్టుకుంది. ఆసరాలో ఏ టీచరైనా మొదటిరోజే నేర్చుకునే సంగతి ఇది. ఈ పిల్లలకి ఏ పనీ మధ్యలో లాక్కోకూడదు. ఇది అయిపోయింది, ఇక లేదు అని ముందు చెప్పాలి. ముగింపు చూపించాలి. ఇంత చదువు చదివినవాడికి ఆ ముక్క చెప్పినవాళ్లు లేకపోయారు.

“అందుకే ఆ పిల్ల అక్కడే ఉండిపోయింది. కూర్చో, ఆఖరి రోజు రాద్దాం. నేను చెప్తాను, నువ్వు ఎక్కించు,” అంది.

శుక్రవారం అంతా కూర్చుని రాశారు. లాండ్రీ మూసేస్తున్నారని యజమాని చెప్తాడు. తర్వాత సరళక్క దగ్గరికి వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పి సాగనంపుతుంది. సరళక్క మాటలన్నీ శేషారత్నమే చెప్పింది. బాగా వచ్చిందనుకుంది.

శనివారం ప్రసూనని కుర్చీలో కూర్చోబెట్టారు. లాండ్రీకి వెళ్తావా అని అడిగితే ఆ పిల్ల తనే టోపీ సర్దుకుంది. నూకరత్నం గోడకి ఆనుకుని నిలబడింది. లోపలి మాటలు తెర మీద అక్షరాలుగా కదులుతున్నాయి. యజమాని వచ్చాడు, మూసేస్తున్నానన్నాడు. ప్రసూన సరేనంది. సరళక్క వచ్చింది. ఇద్దరూ ఆఖరి దుప్పటి మడతపెట్టారు. శేషారత్నం రాసిన మాటలు తెర మీదికి వచ్చాయి.

“వెరీ గుడ్ ప్రసూనా! ఎంత బాగా మడతపెట్టావో! అందరూ చప్పట్లు!”

తెర మీద అక్షరాలు ఆగిపోయాయి. కుర్చీలో ప్రసూన చెయ్యి పైకి లేచింది. ఫణీంద్ర “అయ్యో, అలా తీయకూడదు!” అని అరిచేలోపే ఆ పిల్ల టోపీ ఊడబెరికి ఒళ్లో పెట్టుకుంది. టోపీని లోపలున్నవాళ్లే తీసెయ్యగలరని అంతవరకూ అతనికీ తెలియదు.

ప్రసూన నేరుగా శేషారత్నం వైపు చూసింది.

“మీరు రాశారా మేడమ్ ఇది?”

“ఏది?”

“సరళక్క చప్పట్లు కొట్టదు. ఎప్పుడూ కొట్టలేదు.” మాటకీ మాటకీ మధ్య ఎప్పటిలాగే ఆగి, వెతుక్కుని చెప్పింది. “మడత పెడితే ఇంకో దుప్పటి తీస్తుంది. అంతే.”

శేషారత్నం చేతులు ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాయి. ఆ చేతులతోనే ఆవిడ ఈ పిల్ల చేసిన కొవ్వొత్తికి చప్పట్లు కొట్టింది, సంచికి కొట్టింది, సీసా మూత పెట్టినందుకు కొట్టింది. ఆసరాలో అందరూ అన్నిటికీ కొడతారు. పిల్లలు సంతోషిస్తారని అనుకుంటారు.

“సరళక్క నిజం మనిసి కాదే తల్లీ,” అంది నూకరత్నం.

“తెలుసమ్మా.”

“తెలుసా?” ముగ్గురూ ఒక్కసారే అన్నారు.

“టోపీలో ఉంటుంది. తెలుసు.” ఇంతమంది ఇంత చిన్న విషయానికి ఇలా నోళ్లు తెరవడం చూసి ప్రసూనకి విసుగొచ్చినట్టుంది. “సీరియల్లో ఆవిడ చచ్చిపోతే నువ్వు ఏడవలేదా? అన్నం కూడా తినలేదు. నీకు తెలీదా అది టీవీ అని?”

నూకరత్నం గోడని వదిలి స్టూలు మీద కూర్చుంది.

“మరి బస్టాపులో ఎందుకు నిలబడతావే రోజూ?” శేషారత్నం గొంతులో కోపం లేదు, ఎక్కడికి పోయిందో ఆవిడకే తెలియదు. “ఆ లాండ్రీ లేదని నీకు తెలిసినప్పుడు?”

“ఇంట్లో ఉంటే ఖాళీగా ఉన్నానంటారు. ఖాళీగా ఉంటే ట్రైనింగ్‌లో పెడతారు.” ప్రసూన వేళ్లు ముడుస్తూ చెప్పుకుపోయింది. “కొవ్వొత్తి ట్రైనింగ్. సంచి ట్రైనింగ్. ఫినాయిలు. మళ్లీ కొవ్వొత్తి. నేను ట్రైనింగ్ చేశాను మేడమ్. తర్వాత ఉద్యోగం చేశాను. ఏడాది చేశాను.”

ఇన్నాళ్లూ ఆ పిల్లని ఏమైందని అందరూ అడిగారు. ఏం కావాలని ఒక్కరూ అడగలేదు. పిల్లలకి దారి చూపించడమే తన పని అని చెప్పుకునే శేషారత్నం కూడా అడగలేదు. ఆవిడకి తన మీద తనకే ఒళ్లు మండింది. ఆ మంట పొద్దుటి ఫోన్ల మంట కంటే ఎక్కువగా ఉంది.

గడువు రోజు సోమవారం పొద్దున్న శేషారత్నం తల్లీకూతుళ్లని వెంటబెట్టుకుని ఆసుపత్రి వెనక ఉన్న లాండ్రీకి వెళ్లింది. లోపల యంత్రాలు హోరుమంటున్నాయి. వేడి ముఖానికి కొట్టింది. బాపిరాజు నుదురు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

“తీసుకొచ్చేరా మేడమ్! మంచిది. మూడు నెలలు ట్రైనింగండి. ఓ మూల కూర్చుని చూస్తా ఉంటుంది. తర్వాత చూద్దాం.”

“తర్వాత ఏం చూస్తారండీ?” అంది శేషారత్నం.

“అంటే... ఇలాంటి పిల్లలు కదండీ. మనం ఏదో సాయం చేద్దామని.”

శేషారత్నం ప్రసూనని పక్కకి తీసుకెళ్లింది. “చూడమ్మా, ఈ ఒక్కసారికి సరేననవే. ట్రైనింగే, ఒప్పుకుంటాను. కానీ నువ్వు ఇక్కడ చేరకపోతే మీ అమ్మ ఈ రోజే నిన్ను ప్రయోగశాలకి తీసుకుపోతుంది. నీ ఏడాది తీసేస్తారు. సరళక్క పోతుంది. అంతా పోతుంది. తెలుస్తోందా?”

ప్రసూన చాలాసేపు ఆలోచించింది. యంత్రాల హోరులో నిలబడి, చెవులు మూసుకోకుండా ఆలోచించింది.

“ట్రైనింగ్‌లో చేరితే మాత్రం ఉంటుందా మేడమ్, నా ఏడాది?”

వెనక నిలబడ్డ నూకరత్నానికీ ఆ మాట వినపడింది. ఆవిడ కాసేపు కూతురి ముఖం వంకే చూసి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“తీయించనులెండి మేడంగారూ,” అంది. “ఏడుత్తే ఏడుత్తాది. మనిసన్నాక ఏడవదా? ఆ అబ్బాయితో నేను సెప్పేత్తాను.”

శేషారత్నం అలాగే వెనక్కి తిరిగి బాపిరాజు దగ్గరికి వెళ్లింది. ఏళ్ల తరబడి పఫ్‌లు తిని, నవ్వి, దణ్ణం పెట్టి, మెట్లు దిగివచ్చిన కోపం ఆ రోజు బయటపడింది.

“బాపిరాజుగారూ, ఈ అమ్మాయికి ట్రైనింగ్ వద్దండి. ఉద్యోగం ఉంటే ఇవ్వండి. అందరితో పాటు పని, అందరితో పాటు జీతం. లేకపోతే లేదని చెప్పండి. వెళ్లిపోతాం. సాయం మాత్రం చెయ్యకండి, మీకు పుణ్యముంటుంది.”

“అదేంటి మేడమ్, అంత మాట...”

“అంతేనండి. అరిచానని ఏమీ అనుకోకండి. అనుకున్నా ఫర్వాలేదు.”

బాపిరాజు ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. లోపల్నుంచి ఎవరో రెండో మనిషి రాలేదని కేకేస్తున్నారు. ఆ వేడికి తాళలేక మనుషులు మానేస్తుంటారు, ఆ సంగతి శేషారత్నానికి తెలుసు. అతను విసుగ్గా చెయ్యి ఊపాడు.

“సరేనండి బాబూ, ఈ నెల చూస్తాను. పని రాకపోతే అందర్నీ తీసేసినట్టే తీసేస్తాను. తర్వాత నన్ను అనకూడదు.”

“అలాగే తీసెయ్యండి,” అంది ప్రసూన. చాలా సంతోషంగా అంది.

సాయంత్రం డ్యూటీ దిగే వేళకి శేషారత్నం గేటు దగ్గర కాపు కాసింది. ఏడుస్తూ వస్తుందేమోనని ఒక భయం, అసలు మధ్యాహ్నమే పంపేశారేమోనని ఇంకో భయం. ప్రసూన వచ్చింది. జడ ఊడిపోయింది, చుడీదారు వీపంతా చెమటకి తడిసిపోయింది, కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

“ఎలా ఉందే?”

“అప్పాయమ్మగారు రెండో కొస పట్టుకుంది మేడమ్. పొద్దుట్నుంచీ విసుక్కుంటూనే ఉంది. నేను లేటంట. కొస జారవిడిచానంట. నెత్తిన కొట్టుకుంది కూడా.”

శేషారత్నం ఒక అడుగు దగ్గరికి వేసింది. “సరళక్క ఎప్పుడైనా అలా విసుక్కుందా?”

“లేదు. ఎప్పుడూ విసుక్కోలేదు.” సరళక్క మీద బెంగ ఒక్కసారి ప్రసూన ముఖంలోకి వచ్చి నిలబడింది.

“మరి నువ్వేం చేశావు తల్లీ?”

ఆ పిల్ల తలెత్తింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇంట్లో, బళ్లో, వీధిలో అందరూ తన మీద విసుక్కుంటుంటే తల దించుకుని నిలబడ్డ పిల్ల.

“నేనూ విసుక్కున్నాను మేడమ్.”

“విసుక్కున్నావా! ఆవిడేమంది?”

“ఏమంటుంది? ఇంకో దుప్పటి తీసింది.”